ఫర్నిచర్ రిజిస్టర్లో జెరాక్స్ మిషను

నాకు అనుమానం జాస్తి. ఈ సంగతి మా ఆవిడ పెళ్లయిన వారానికే కనిపెట్టింది. పాలవాడు పోసి వెళ్లిన పాలని నేను మళ్లీ గ్లాసుతో కొలుస్తుంటే గుమ్మంలో నిలబడి చూసి, "ఇంక నన్నెప్పుడు కొలుస్తారో!" అంది. కొలిచాను కూడా. అది వేరే పురాణం.

ఇంట్లో చీవాట్లు పెట్టించిన ఈ గుణమే ఆఫీసులో నాకు అన్నం పెట్టింది. హార్బరు పక్కన ఓడల్లోంచి సరుకు దించే ఒక కంపెనీలో ముప్పై మూడేళ్లు స్టోర్సులో పని చేశాను, చివరి తొమ్మిదేళ్లు సూపరింటెండెంటుగా. కంపెనీ పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. ఈ కథలో పేరు బయటపడాల్సిన ఘనుడు ఒక్కడే. వాడు ఇది రాస్తున్నవాడే కాబట్టి ఆ పేరూ చెప్పను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలెవరైనా చదువుతారని రాస్తున్నాను. చదివి నవ్వుకోండి, కానీ నవ్వాక మీ ఆఫీసులో ఒకసారి చుట్టూ చూసుకోండి.

నా అనుమానం ఎలాంటిదో ఒక్క ముక్క చెప్తాను. ఒకరోజు గేటు దగ్గర నిలబడి ఉంటే ఫిట్టరొకడు క్యారేజీ పట్టుకుని ఇంటికి వెళ్తున్నాడు. భుజం ఒక పక్కకి వాలిపోయి ఉంది. "ఏం కూర తెచ్చుకున్నావోయ్?" అన్నాను. "పప్పండి" అన్నాడు. తిన్న పప్పు గిన్నె అంత బరువెందుకుంటుంది? తీయించాను. మూడు గిన్నెల నిండా రాగి తీగ, చుట్టలు చుట్టి. అప్పట్నుంచీ నేను గేటు వైపు నడిస్తే చాలు, కుర్చీలు సర్దుకునేవారు. నాకది గొప్పగా ఉండేది. దాచడమేం, చాలా గొప్పగా ఉండేది.

తుక్కు అమ్మడం కూడా నా చేతి మీదుగానే జరిగేది. పాత సామాను వేలానికి పెట్టే ముందు, "ఇది ఇక పనికిరాదు" అని ఒక ఫారం మీద నేను సంతకం పెట్టాలి. కంప్యూటర్ల విషయంలో మాది మహా గట్టి పద్ధతి. ప్రతి కంప్యూటర్లోంచీ హార్డ్ డిస్కు ఊడదీయించి, వర్క్‌షాపుకి పంపి, డ్రిల్లింగ్ మిషనుతో మూడేసి చిల్లులు పొడిపించేవాణ్ణి. ఎవరిమీదా నమ్మకం లేక నేనే వెళ్లి పక్కన నిలబడి చిల్లులు లెక్కపెట్టేవాణ్ణి. ఒకదానికి రెండే చిల్లులున్నాయని వర్క్‌షాపు వాళ్లతో గొడవపడి మూడోది పొడిపించిన రోజు కూడా ఉంది. "డిస్కుకి చెవులు కుడుతున్నాడ్రా" అని వెనక నవ్వుకునేవారట.

ఇక జెరాక్స్ మిషను సంగతి. మా ఆఫీసులో ఒక పెద్ద జెరాక్స్ మిషను ఉండేది, సగం బీరువా అంత ఉంటుంది. దాన్ని నడిపేది ఒక కాంట్రాక్టు ఉద్యోగిని. నలభై దాటిన మనిషి. సముద్రం ఒడ్డున జాలరిపేట ఆవిడది. మొగుడు పడవ మీద వేటకి వెళ్తాడు. వాళ్లింట్లో కుర్చీలో కూర్చుని చేసే పని చేసినది ఆవిడే మొదలు. రోజూ పొద్దున్నే రాగానే మిషను గాజు మీద స్పిరిట్ గుడ్డతో రుద్ది, దూరంగా నిలబడి వెలుతురులో చూసి, మళ్లీ రుద్దేది. ఒక్క కాపీ వంకరగా వచ్చినా ఇచ్చేది కాదు. చింపేసి, మళ్లీ తీసేది.

అందరం ఆ మిషను మీద సొంత పనులు చేయించుకునేవాళ్లం. ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు, పిల్లల సర్టిఫికెట్లు, ఆసుపత్రి బిల్లుల కోసం డాక్టర్ల చీటీలు, ఇంటి దస్తావేజులు. బయట షాపులో తీయిస్తే ఎవడు చూస్తాడో అని భయం. ఆఫీసు మిషను అయితే మనదే కదా! ఆఫీసర్లతో సహా ఎవరూ దీనికి మినహాయింపు కాదు.

ఆవిడ మీద నాకు మొదట్నుంచీ ఒక కన్నుండేది. చెడిపోయిన కాగితాలు, ఒక పక్క ఖాళీగా ఉన్నవి, ఒక గుడ్డ సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్లేది. దారంతో కుట్టి పిల్లలకి నోటుబుక్కులు చేసేదట. "ఏటి సార్ అలా సూత్తన్నారు? తెల్ల కాయితం పారెయ్యడం పాపం కదండీ" అనేది. నేను ఊ కొట్టేవాణ్ణి. మనసులో మాత్రం, ఆ కాగితాలకి రెండో పక్క ఏముందో ఎవడికి తెలుసు, అనుకునేవాణ్ణి.

ఆ పాత మిషను మూలగడం మొదలుపెట్టాక కంపెనీ కొత్తది కొంది. పాతదాన్ని వేలంలో పెట్టాం. ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. మా దగ్గర కంప్యూటర్లకి ఒక రిజిస్టరు, బల్లలకీ బీరువాలకీ ఫ్యాన్లకీ ఇంకో రిజిస్టరు. ఈ రెండో దాన్ని ఫర్నిచర్ రిజిస్టరంటాం. జెరాక్స్ మిషను కొన్నప్పుడు అది ఎందులో రాయాలో ఎవరికీ తోచలేదు. కాళ్లున్నాయి, కదలదు, గది మూల ఉంటుంది. ఫర్నిచర్లో రాసేశారు. పైన చెక్క ర్యాకు, కింద స్టాండు ఫ్యాను, మధ్యన ఇది. రాసింది ఎవరంటారా? నేనే. దాని పక్కన తెల్ల పెయింటుతో నంబరు వేసింది కూడా నేనే.

వేలం ఫారంలో ఒక గడి ఉంటుంది, "సమాచారం తొలగించబడినదా?" అని. విరిగిన కుర్చీలకి ఏం సమాచారం? ఫర్నిచర్ జాబితా మొత్తానికీ ఆ గడిలో "వర్తించదు" అని ఒకటే రాశాను. పై నుంచి కింద దాకా నిలువుగా ఒక గీత గీసి, కింద సంతకం పెట్టాను. లారీ బయటికి వెళ్లేటప్పుడు డ్రైవరు సీటు కింద కూడా చూశాను, ఏదైనా దాచాడేమోనని. లారీ మీద తాళ్లతో కట్టిన జెరాక్స్ మిషను నా కళ్ల ముందే గేటు దాటింది. ఊగుతూ పోయింది మహాతల్లి.

నాలుగైదు నెలలకి ఫోన్లు మొదలయ్యాయి.

మొదట మా అకౌంట్సు గుమాస్తాకి ఎవడో ఫోన్ చేసి, ఆయన తండ్రి పేరు, పాస్‌బుక్కు నంబరు, కూతురి హాల్‌టికెట్టు నంబరు గడగడా చదివాడట. తర్వాత ఇంకొకరికి. ఆ తర్వాత మరొకరికి. అందరూ మా ఆఫీసు వాళ్లే. ఇహ చూడండి, ఆఫీసులో గాలి మారిపోయింది. పక్కవాడు వస్తే మాట ఆపేయడం, సొరుగులకి తాళాలు, క్యాంటీన్లో గుసగుసలు. ఇరవయ్యేళ్లుగా ఒకే టిఫిన్ పంచుకున్నవాళ్లు ఒకరి ఫోను ఒకరికి కనపడకుండా బోర్లా పెట్టుకోవడం మొదలెట్టారు. అందరూ నా లాగే అయిపోయారు. నాకు లోపల కాస్త సంతోషంగానే ఉంది, నిజం చెప్తే. ఇన్నాళ్లకి వీళ్లకి బుద్ధొచ్చింది అనుకున్నాను.

అసలు దెబ్బ మా క్రేన్ ఆపరేటరుకి తగిలింది. కృష్ణా జిల్లా నుంచి వాళ్ల నాన్న పోర్టు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం. నెమ్మదస్తుడు. ఆయన భార్యకి కాన్పు తర్వాత మనసు బాగోలేక కొన్నాళ్లు ఆసుపత్రిలో వైద్యం చేయించారు. ఆ సంగతి వాళ్ల సొంత చుట్టాలకే తెలీదు. బిల్లు పెట్టుకోవడానికి ఆ చీటీలు ఆఫీసులో జెరాక్స్ తీయించాడు. ఇప్పుడు ఎవడో ఆ చీటీ ఫోటో ఆయన ఫోనుకే పంపించి, అడిగినంత ఇవ్వకపోతే క్వార్టర్స్ వాట్సాప్ గ్రూపులో పెడతానన్నాడు.

ఆయన తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. "గురువుగారూ, మా ఆవిడ ఇప్పుడిప్పుడే నలుగురిలోకి వస్తోందండీ. ఇది గనక బయటపడితే మళ్లీ తలుపేసుకుని కూర్చుంటుందండీ. ఈ కాగితం నేనూ, ఆ జెరాక్సావిడా తప్ప మూడో మనిషి చూడలేదండీ" అన్నాడు.

నాకు ఇంకేం కావాలి?

ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో అందరి ముందూ ఆయన ఆవిణ్ణి పట్టుకున్నాడు. ఫోను ఆవిడ మొహం మీద పెట్టి, "ఇది ఎవరికి అమ్మావమ్మా? నీకేం ద్రోహం చేశాను?" అన్నాడు. ఆవిడ చేతిలో టీ గ్లాసు కింద పెట్టి, ఫోను దగ్గరికి తీసుకుని, బొమ్మని వేళ్లతో పెద్దది చేసి చూసింది. చాలాసేపు చూసింది. అప్పుడు తలెత్తి, "ఇది మన పాత మిషన్ మీద తీసిందండీ" అంది.

ఫోను ఆయన వైపు తిప్పింది.

"ఇదిగో, ఈ మూలన దోమకాలు లాటి గీత సూడండి. పాత గాజు మీద ఒక గీరుంది. ఎంత రుద్దినా పోయీది కాదు. నాను ఆ మూలకి కాయితం రాకుండా జరిపీదాన్ని. ఇది మన మిషన్నుంచే ఎల్లింది" అంది.

పాపం, తనకి తెలిసిన నిజం చెప్పింది. విన్నవాళ్లకి మాత్రం ఒప్పుకున్నట్టే వినపడింది. "అదిగో, తనే చెప్తోంది!" అన్నారెవరో. ఆవిడ చుట్టూ చూసి, "ఓలమ్మా, నాను సెప్పింది ఏటి, మీరు ఇన్నది ఏటి?" అంది.

సాయంత్రానికి నేను పర్సనల్ ఆఫీసరుకి నోటు రాశాను. అందరి కాగితాలూ ఆమె చేతిలోంచే పోయాయని, వేస్టు కాగితాలు సంచిలో ఇంటికి తీసుకెళ్తుందని, కాపీ పాత మిషను మీద తీసినదేనని స్వయంగా ఒప్పుకుందని. చక్కని నోటు. మూడు పేరాలు, ఒక్క కొట్టివేత లేదు. ఆవిణ్ణి పనిలోకి రావద్దన్నారు. సోమవారం విచారణ. తేలితే కాంట్రాక్టు రద్దు చేసి పోలీసు కేసు పెడతామన్నారు. నలభై దాటిన మనిషి, పెళ్లీడుకొస్తున్న పిల్లలు, స్టేషన్ మెట్లు ఎక్కాలి. అది నాకు తెలుసు. తెలిసే రాశాను.

శనివారం మధ్యాహ్నం ఒంటిపూట అయ్యాక బయటికి వస్తుంటే గేటు దగ్గర ఆవిడ కనిపించింది. ఆఫీసులో ఉండిపోయిన గొడుగు తీసుకోవడానికి వచ్చిందట. గొడుగు తీసుకుని రోడ్డు దాటి గాజువాక బస్సెక్కింది. నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. జాలరిపేట ఒక దిక్కు, గాజువాక ఇంకో దిక్కు. ఇంత గొడవలో ఉన్న మనిషి ఇంటికి పోకుండా గాజువాక ఎందుకు పోతుంది? సరుకు కొన్నవాడి దగ్గరికే! నేనూ అదే బస్సు వెనక తలుపులోంచి ఎక్కాను. యాభై తొమ్మిదేళ్ల వయసులో, షుగరు మాత్రలు జేబులో పెట్టుకుని, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. పేపరు తలకిందులుగా పట్టుకున్నానని పక్కనున్నాయన చెప్తేగాని తెలీలేదు.

గాజువాకలో దిగి, మెయిన్ రోడ్డు దాటి, ఒక సందులోకి తిరిగింది. సందు చివర ఒక రేకుల షాపు. బయట పాత జెరాక్స్ మిషన్లు, ప్రింటర్లు గుట్టగా. ఆవిడ లోపలికి వెళ్లింది. నేను ఐదు నిమిషాలు ఆగి, పోలీసాయనలా గుమ్మంలో అడుగుపెట్టాను.

"రండి సార్" అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండానే. "బస్సులో ఎనక సీట్లో కూకున్నారు గదా. టిక్కెట్టు తీసేరా?"

నేను జేబులో టిక్కెట్టు తడుముకున్నాను.

"మంచిదే అయ్యింది లెండి. నా మాటకి ఒక సాక్షి కావాల. నాను ఎవులిని పిలిసినా రారు. మీరు పిలవకండానే వచ్చేరు."

షాపు యజమాని ఎవరో కాదు, మా ఆఫీసుకి జెరాక్స్ మిషను సర్వీసింగుకి వచ్చే పాత మెకానిక్కే. ఉద్యోగం మానేసి సెకండ్‌హ్యాండ్ మిషన్ల షాపు పెట్టుకున్నాడు. అతని వెనక, గోడవారన, మా మిషను. తెల్ల పెయింటుతో నా చేత్తో వేసిన నంబరు, చివరి అంకె కింద కారిన చుక్కతో సహా. ఆవిడ గొడవ జరిగిన రోజు నుంచీ ఇతనికి ఫోన్లు చేసి, మిషను ఎక్కడుందో ఆరా తీసిందట.

"ఇందులో ఏముంటుంది? ఇది జెరాక్స్ మిషను కదా" అన్నాను.

మెకానిక్కు నన్ను జాలిగా చూశాడు. "ఏటి సార్, ఇన్నేళ్లు వాడేరు, దీన్లో హార్డ్ డిస్కు ఉంటాదని మీకు తెలీదేటి? కంప్యూటర్లో ఉన్నట్టే. గాజు మీద పెట్టిన పెతీ కాయితం బొమ్మా ముందు డిస్కులో పడతాది, ఆ తర్వాతే కాపీ వస్తాది. పెద్ద మిషన్లన్నిట్లోనూ అంతే."

వర్క్‌షాపులో నేను లెక్కపెట్టిన చిల్లులన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఒక్కో డిస్కుకి మూడు చిల్లులు! ఇది మాత్రం కుర్చీల మధ్య కూర్చుని దర్జాగా వెళ్లిపోయింది.

"నీ దగ్గరికి ఎప్పుడొచ్చింది?" అన్నాను.

"నెల్లాళ్లయింది సార్. అంతకు ముందు తుక్కు కాంట్రాక్టరు గోడౌన్లో ఉంది, ఆనందపురం దగ్గర. అక్కడ ఎవడు ఇప్పేడో నాకేటి తెలుస్తాది? డిస్కు మరలు నాకొచ్చేసరికే వదులుగా ఉన్నాయి" అన్నాడు. చెప్తున్నంతసేపూ చేతిలో స్క్రూడ్రైవరు వంకే చూస్తున్నాడు, నా వంక చూడలేదు. మరలు కొత్తవిలా మెరుస్తున్నాయి. ఇది రాస్తున్న ఈ రోజుకీ నాకు వాడి మీద అనుమానం పోలేదు. పోలీసులు వాణ్ణి రెండుసార్లు పిలిచి వదిలేశారు. ఫోన్లు చేసినవాడు దొరకలేదు.

డిస్కు కంప్యూటరుకి తగిలించి ఏదో సాఫ్ట్‌వేర్ నడిపించాడు. బొమ్మలు వరసగా రావడం మొదలెట్టాయి. ఆధార్ కార్డులు, పాస్‌బుక్కులు, క్రేన్ ఆపరేటరు భార్య చీటీ, అన్నిట్లోనూ కుడివైపు పై మూల దోమకాలంత గీత. ఆవిడ ప్రతి బొమ్మకీ ఆ మూల వేలితో చూపిస్తోంది. "సూసేరా? సూసేరా సార్?" ఆవిడ గొంతులో కోపం లేదు. గండం గడిచిన ఊపిరి ఉంది. నేను తలూపుతున్నాను. మంచిదే, ఆవిడ బయటపడింది. నేనొక్కణ్ణే మునిగాను, అనుకుంటున్నాను.

అప్పుడు వచ్చింది ఆ బొమ్మ.

ఎడమ చేత్తో రాసిన వంకర టింకర అక్షరాలు. "పర్సనల్ ఆఫీసరు గారికి, ఒక శ్రేయోభిలాషి వ్రాయునది." ఆకాశరామన్న ఉత్తరం. మిషను వేలానికి వెళ్లడానికి ఏడాది ముందు, ఈవిడ కాంట్రాక్టు రెన్యువల్ అప్పుడు ఆఫీసుకి వచ్చింది. సముద్రం ఒడ్డున చేపలమ్ముకునే ఇంటి నుంచి వచ్చిన మనిషికి ఆఫీసు కాగితాలు అప్పగించరాదని, వేస్టు కాగితాలు సంచిలో ఇంటికి మోసుకుపోతోందని. ఆ రోజు ఆవిణ్ణి పర్సనల్ ఆఫీసరు గది బయట పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నిలబెట్టారు. సంచి బోర్లించి చూశారు. పేర్లున్న కాగితం ఒక్కటీ దొరకలేదు. అలాంటివి ఆవిడ చింపి, బకెట్లో నానబెట్టి, ముద్ద చేసి పారేస్తుందట. ఆ సాయంత్రం కళ్లు తుడుచుకుంటూ బయటికి వస్తుంటే నేనే ఎదురెళ్లి, "ఎవడో దుర్మార్గుడమ్మా, పట్టించుకోకు" అని ఓదార్చాను.

ఆ దుర్మార్గుణ్ణి నేనే. మా చెల్లెలి కొడుక్కి ఆ పని ఇప్పిద్దామనుకున్నాను. అంతే. దానికి వేరే పెద్ద కారణమేమీ లేదు.

చేతిరాత గుర్తుపట్టకూడదని ఎడమ చేత్తో రాశాను. నలుగురు ఆఫీసర్లకి పంపాలని, ఆవిడ భోజనానికి వెళ్లినప్పుడు నేనే వెళ్లి ఆ మిషను మీదే కాపీలు తీశాను. నంబరు నొక్కడం రాక ఒక్కొక్కటే నాలుగుసార్లు. మూడు బొమ్మలు సరిగ్గా ఉన్నాయి. నాలుగోసారి ఎవరో వస్తున్న చప్పుడైతే కంగారులో కాగితం జరిగిపోయింది. ఆ నాలుగో బొమ్మలో ఉత్తరం వాలిపోయి ఉంది, దాని పక్కన ఒక చెయ్యి. నల్లగా, గాజుకి నొక్కుకుని. ఉంగరం వేలికి తొమ్మిది రాళ్ల ఉంగరం.

ఆ ఉంగరం అప్పుడు నా వేలికే ఉంది. టేబులు మీదే ఉంది నా చెయ్యి. తీసి జేబులో పెట్టుకున్నాను, అదొక తెలివి.

ఆవిడ ఉత్తరం చదివింది. ఒక్కో లైనూ మెల్లగా, పెదాలు కదుపుతూ. తర్వాత నాలుగో బొమ్మ చూసింది. మెకానిక్కుతో, "కిందికి జరపండి, ఇంకా ఉంటాయి" అంది. నా వైపు తిరగలేదు. గుమ్మం దగ్గరికి వెళ్లి, రోడ్డు చూస్తూ నిలబడింది.

నేను మెకానిక్కు దగ్గరికి వంగి, గొంతు తగ్గించి, "ఆ నాలుగూ తీసెయ్యి" అన్నాను. అవును, అన్నాను. ఆవిణ్ణి కాపాడే డిస్కులోంచి నన్ను తప్పించమని అడిగాను. పిల్లలూ, మీకు అబద్ధం చెప్పి ప్రయోజనం ఏముంది? నా జన్మలో అంత చిన్నబోయిన క్షణం ఇంకోటి లేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా మొహం వేడెక్కుతోంది.

వాడు నవ్వాడు. "తీసెయ్యమంటే తీసేత్తాను సార్. కానీ ఉంటాయి. తీసేసినవే కదా ఇయ్యన్నీ కూడా? అదే కదా మీ గొడవ?"

తిరుగు బస్సులో ఆవిడ ముందు ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. నేను వెనక సీట్లోనే. ఈసారి పేపరు లేదు.

సోమవారం విచారణ గదిలో, మెకానిక్కు దగ్గర తీసుకున్న డిస్కు టేబులు మీద పెట్టాను. "వర్తించదు" అని రాసిన వేలం ఫారం పక్కన పెట్టాను. దాని కింద సంతకం నాది. ఇక్కడిదాకా చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఆ వేలాది బొమ్మల్లో నాలుగు బొమ్మలు ఎవరు వెతుకుతారు? కానీ పర్సనల్ ఆఫీసరు నా నోటు తీసి, "వేస్టు కాగితాలు సంచిలో ఇంటికి... ఈ మాట ఇంతకు ముందెక్కడో చదివినట్టుంది" అని సొరుగులు వెతకడం మొదలెట్టాడు. ఆవిడ గోడవారన నిలబడి ఉంది, గొడుగు చేతిలో పట్టుకుని. నోరు తెరిచి ఒక్క మాట అంటే నేను అయిపోయినట్టే. అనడం లేదు. ఆ మౌనం నేను భరించలేకపోయాను. "ఆ ఉత్తరం కూడా నాదేనండి" అనేశాను. ధైర్యం అనుకోకండి. ఇక దాగదని తెలిశాక వచ్చింది ధైర్యం ఎలా అవుతుంది?

ఆవిణ్ణి మర్నాడే పనిలోకి పిలిచారు. నాకు ఛార్జి మెమో ఇచ్చి, స్టోర్సు నుంచి మార్చి, రిటైరయ్యేదాకా మిగిలిన ఏడు నెలలూ ఒక మూల బల్ల ఇచ్చారు. గేటు వైపు నడిస్తే ఇప్పుడెవరూ కుర్చీలు సర్దుకోవడం లేదు. క్రేన్ ఆపరేటరు పోలీసులకి ఫిర్యాదు చేసే ముందు, ఎవడో చెప్పే లోపు తనే చెప్పాలని భార్య సంగతి చుట్టాలకి తనే చెప్పాడు. ఒకరోజు భార్యని వెంటబెట్టుకుని ఆఫీసుకి తెచ్చి జెరాక్స్ గదిలో కూర్చోబెట్టాడు. ఆడవాళ్లిద్దరూ గంటసేపు ఏం మాట్లాడుకున్నారో తెలీదు. బయటికి వచ్చేటప్పుడు ఆయన భార్య చేతిలో ఒక కుట్టిన నోటుబుక్కు ఉంది.

కొత్తగా చేరిన పిల్లలకి నేను చెప్పేది ఇంతే. మీ ఆఫీసులో కాగితం మింగే ప్రతి వస్తువునీ అనుమానించండి. జెరాక్స్, ప్రింటరు, ఫ్యాక్స్, ఏదైనా. పారేసే ముందు లోపల ఏముందో అడగండి, తెలీకపోతే తెలిసినవాణ్ణి పిలవండి, "వర్తించదు" అని మాత్రం రాయకండి. నేను జీవితమంతా మనుషుల క్యారేజీలు విప్పించాను. వస్తువుల్ని నమ్మాను. తలకిందులుగా చేసి ఉంటే ఎంత బావుండేది.

రిటైరయ్యే వారం పెన్షను కాగితాలు నాలుగు సెట్లు అడిగారు. బయట షాపుకి వెళ్దామా అని చాలాసేపు ఆలోచించాను. చివరికి జెరాక్స్ గదికే వెళ్లాను. ఆవిడ కొత్త మిషను గాజు తుడుస్తోంది. కాగితాలు చాపాను.

"ఎన్ని సార్?"

"నాలుగమ్మా."

కాగితాలు బల్ల మీద పెట్టి, అరచేత్తో అంచులు సమంగా తట్టింది. గాజు మీద ఒక్కొక్కటీ మూలకి సరిగ్గా ఆనించి తీసింది. నాలుగు సెట్లూ పిన్ను కొట్టి, నా చేతికిస్తూ, మొదటిసారి నా కళ్లలోకి చూసింది.

"ఆ రోజు కూడా నన్నే అడగాల్సింది సార్. తిన్నగా తీసిద్దును. నాలుగోది వంకరగా వచ్చేసింది."